టైప్ వన్ మధుమేహంతో సాహస ప్రయాణాలు: బెంగళూరు నుంచి బయలుదేరేవారికి

బెంగళూరులో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు వారాంతంలో ఎటు వెళ్లాలన్నది పెద్ద ప్రశ్న కాదు. ఉత్తరాన నంది కొండ ఉంది, పడమర సావనదుర్గ ఉంది, కోలారు పక్కన అంతరగంగ ఉంది. సరిహద్దు దాటితే లేపాక్షి, హార్స్‌లీ హిల్స్, ఇంకాస్త ఓపిక ఉంటే గండికోట, తిరుమల ఉన్నాయి. ఇంట్లో టైప్ వన్ మధుమేహం (ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారు కాక, రోజూ బయటి నుంచి వేసుకోవలసిన జబ్బు) ఉన్నవారుంటే మాత్రం చర్చ అసలు వెళ్లడమెందుకన్న దగ్గరే మొదలవుతుంది. ‘దారిలో షుగరు పడిపోతే ఎవరు చూస్తారమ్మా’ అని అమ్మమ్మ అడుగుతుంది. ఆ భయాన్ని తీసిపారేయనక్కరలేదు, దానికి తగిన ఏర్పాటు చేసుకుంటే చాలు. వసీం అక్రమ్‌కు 1997లో ఈ జబ్బు బయటపడింది. ఆ తర్వాత కూడా ఆయన 2003 దాకా అంతర్జాతీయ క్రికెట్‌లో బంతి విసిరారు. ఆస్ట్రియాకు చెందిన గెరి వింక్లర్ మృత సముద్ర తీరం నుంచి బయలుదేరి, సైకిలు మీదా కాలినడకనా ప్రయాణించి, 2006లో ఎవరెస్టు శిఖరం చేరారు. ఆయన కూడా రోజూ ఇన్సులిన్ వేసుకునే మనిషే.

మార్గదర్శకాల్లో కనిపించే అంకెలు అందరికీ వర్తించే హద్దులు మాత్రమే. ఆ హద్దుల మధ్య మీ శరీరం ఎక్కడ నిలుస్తుందో మీరే కనుక్కోవాలి, అది కూడా తిరిగి రావడం సులువైన దగ్గరి కొండల మీద కనుక్కోవాలి. లడఖ్‌కు టికెట్ కొన్న తర్వాత మొదలుపెట్టే పని కాదది. ఇక్కడ చెప్పిన మోతాదు మార్పులన్నీ ముందుగా మీ ఎండోక్రైనాలజిస్టుతో, అంటే మధుమేహం చూసే హార్మోన్ల డాక్టరుతో, మాట్లాడి, మీకు సరిపడేలా మార్చుకోవలసినవేనని గుర్తుంచుకోండి.

మొదటి కొండను ఎలా ఎంచుకోవాలి

కొండ ఎక్కడం మొదలుపెట్టగానే ఆరోగ్యవంతుడి క్లోమం ఇన్సులిన్ విడుదలను తనంతట తానే తగ్గించేస్తుంది. మనకు ఆ వీలు లేదు. పొద్దున చర్మం కిందికి ఎక్కించిన ఇన్సులిన్‌ను వెనక్కి తీసుకోలేము. పైగా నడుస్తున్న కొద్దీ ఒళ్లు వేడెక్కి, రక్తప్రసరణ పెరిగి, ఆ ఇన్సులిన్ మరింత త్వరగా రక్తంలో కలుస్తుంది, కండరాలు కూడా చక్కెరను ఎక్కువగా లాక్కుంటాయి. అందుకే టిఫినుకు వేసుకున్న ఇన్సులిన్ ఇంకా పని చేస్తున్న రెండు మూడు గంటల్లో ఎక్కడం మొదలుపెట్టినవారికి సగం దారిలో చెమటలు, వణుకు మొదలవుతాయి.

దీన్ని గమనించడానికి నంది కొండ మంచి బడి. ఎత్తు 1,478 మీటర్లు, బెంగళూరు నుంచి సుమారు 60 కిలోమీటర్లు, కారు పైదాకా వెళుతుంది. కింద నుంచి నడిచి ఎక్కుతూ ఎక్కడైనా ఇబ్బంది అనిపిస్తే వెంట వచ్చినవారు కారులో ఆసుపత్రికి తీసుకెళ్లగలరు. మొదటి ప్రయాణానికి కొండ అందం కన్నా ఈ సౌకర్యమే ముఖ్యమని నా అభిప్రాయం. బయలుదేరే ముందు షుగరు (డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో) 126 నుంచి 180 మధ్య ఉంటే నడకకు అనువైనదని నిపుణులు చెబుతారు. 90 కన్నా తక్కువ ఉంటే ముందు 10 నుంచి 20 గ్రాముల పిండిపదార్థం తిని, అంకె పైకి వచ్చేదాకా ఆగాలి. 250 దాటి ఉంటే కీటోన్లు (ఇన్సులిన్ చాలక ఒళ్లు కొవ్వును కరిగించినప్పుడు రక్తంలో చేరే ఆమ్ల పదార్థాలు) చూడకుండా కదలకూడదు, కీటోన్లు ఉంటే ఆ రోజు కొండ లేదు. నడకకు ముందు తినే టిఫినుకు వేసుకునే త్వరిత ఇన్సులిన్‌ను 25 నుంచి 75 శాతం దాకా తగ్గించవచ్చని మార్గదర్శకాలు చెబుతాయి; పాతికా, ముప్పావా అన్నది ఎంతసేపు, ఎంత గట్టిగా నడుస్తారన్న దాని మీదా, మీ శరీరం మీదా ఆధారపడుతుంది. మీ లెక్క పాతికకు దగ్గరో, ముప్పావుకు దగ్గరో తేల్చుకోవడానికే ఈ తొలి కొండలు.

రాసుకోవడం తప్పనిసరి. బయలుదేరినప్పటి అంకె, చివరిసారి వేసుకున్న ఇన్సులిన్ మోతాదు, వేసుకున్న సమయం, తిన్నది, గంట గంటకూ చూసిన అంకెలు, వీటన్నిటికీ తోడు ఆ రాత్రి రెండు మూడు గంటలకు చూసిన అంకె. ఈ చివరిదాన్ని చాలామంది వదిలేస్తారు, అసలు ప్రమాదం అక్కడే ఉంది. అలసిన కండరాలు ఖర్చయిన నిల్వలను నింపుకోవడానికి 24 గంటల దాకా రక్తంలోని చక్కెరను తీసుకుంటూనే ఉంటాయి. పగలంతా బాగున్న మనిషికి ఇంటికొచ్చి పడుకున్నాక అర్ధరాత్రి షుగరు పడిపోవడానికి ఇదే కారణం. పొడవైన నడక తర్వాతి రాత్రి బేసల్ ఇన్సులిన్‌ను (రోజంతా నెమ్మదిగా పనిచేసే రకాన్ని) కొంత తగ్గించాలా, పడుకునే ముందు పాలో పెరుగన్నమో తీసుకోవాలా అన్నది ముందే డాక్టరుతో మాట్లాడి ఉంచుకోండి.

నంది తర్వాత సావనదుర్గకు వెళితే ఇంకో పాఠం ఎదురవుతుంది. 1,226 మీటర్ల ఆ ఏకశిల మీద నిట్టనిలువుగా, చేతులూ కాళ్లూ బిగించి ఎక్కాల్సిన చోట్లు చాలా ఉన్నాయి. అలాంటి తీవ్రమైన శ్రమలో, కొంత భయం కూడా తోడైనప్పుడు, అడ్రినలిన్ వల్ల కాలేయం చక్కెరను రక్తంలోకి వదులుతుంది. శిఖరం మీద చూసుకుంటే అంకె 240 కనిపించవచ్చు. అది చూసి కంగారుపడి, పెరిగిన షుగరును దించే పూర్తి కరెక్షన్ మోతాదు వేసుకుంటే దిగే దారిలో దెబ్బ తింటారు, ఎందుకంటే ఆ పెరుగుదల చాలావరకు తనంతట తానే దిగుతుంది, దిగేటప్పటి నడక దాన్ని ఇంకా కిందికి లాగుతుంది. కీటోన్లు లేకపోతే నీళ్లు తాగి, అరగంట ఆగి మళ్లీ చూడటం మేలు.

ఈ రెండూ ఒంటపట్టాక స్కందగిరి, కుమార పర్వతం, కుద్రేముఖ్ వంటివాటి గురించి ఆలోచించవచ్చు. వీటికి కర్ణాటక అటవీ శాఖ అనుమతి ముందుగా ఆన్‌లైనులో తీసుకోవాలి. 1,712 మీటర్ల కుమార పర్వతం మన పక్క కొండల్లో కఠినమైనదిగా పేరు పడింది. మధ్యలో వాహనం అందే దారి లేదు కాబట్టి, అక్కడికి వెళ్లేనాటికి ఏ పూట ఎంత తగ్గించాలన్న లెక్క మీ దగ్గర రాసి ఉండాలి.

అలిపిరి మెట్ల దారి

తిరుమల నడకను సాహసం అంటే కొందరు నొచ్చుకోవచ్చు, కానీ శరీరానికి అది సాహసమే. అలిపిరి నుంచి 3,550 మెట్లు, సుమారు తొమ్మిది కిలోమీటర్లు. శ్రీవారి మెట్టు నుంచి 2,388 మెట్లు, దూరం రెండు కిలోమీటర్ల పైచిలుకే కానీ ఎక్కుడు నిటారుగా ఉంటుంది. టైప్ వన్ ఉన్నవారికి మొదటిసారి అలిపిరి దారి నయం, ఎందుకంటే మెల్లగా ఎక్కవచ్చు, దారిలో దుకాణాలు, కూర్చునే చోట్లు ఉంటాయి. అసలు సమస్య పైకి చేరాక మొదలవుతుంది. క్యూ కాంప్లెక్సులో ఎన్ని గంటలు కూర్చోవలసి వస్తుందో ఎవరూ చెప్పలేరు. నడక వల్ల షుగరు కిందికి లాగుతున్న సమయంలోనే భోజనం వేళ దాటిపోతుంది. అందువల్ల ఇన్సులిన్, మీటరు, గ్లూకోజు లగేజీ కౌంటరులో ఇచ్చే సంచిలో కాక, ఒంటి మీద ఉండే చిన్న సంచిలో, డాక్టరు చీటీతో సహా ఉండాలి. ప్రసాదం వద్దనడం మన ఇళ్లలో కుదరని పని. లడ్డూ, చక్కెర పొంగలి తినవలసి వస్తుందని ముందే లెక్కలో వేసుకుని, తినే సమయానికి తగిన మోతాదు తీసుకోవడం దానికన్నా తెలివైనది.

పాదాల సంగతి ఇక్కడే చెప్పాలి. ఈ దారిని ఎక్కువమంది చెప్పుల్లేకుండా నడుస్తారు. మధుమేహం వచ్చి చాలా ఏళ్లయినవారికి పాదాల్లో స్పర్శ మందగించి ఉండవచ్చు. మధ్యాహ్నపు ఎండకు కాలిన రాతి మీద నడిచి బొబ్బలెక్కినా తెలియకపోవచ్చు. ఏడాదికోసారి చేయించుకోవలసిన పాదాల పరీక్ష చేయించుకోనివారు, స్పర్శ తగ్గిందని తెలిసినవారు, వట్టికాళ్లతో ఎక్కే మొక్కు పెట్టుకోకూడదు. మిగిలినవారు తెల్లవారుజామున మొదలుపెట్టి, పైకి చేరగానే రెండు అరికాళ్లూ వెలుతురులో చూసుకోవాలి.

షుగరు పడిపోయినప్పుడు

70 కన్నా తగ్గితే ఆగి, 15 గ్రాముల త్వరిత చక్కెర తీసుకుని, 15 నిమిషాల తర్వాత మళ్లీ చూడాలి. ఇంకా 70 లోపే ఉంటే మళ్లీ అదే చేయాలి. 54 కన్నా తగ్గితే అది తీవ్రమైనది, ఆ రోజు ఎక్కడం అక్కడితో ముగిసినట్టే. ఏ అంకె దగ్గర వెనుదిరగాలో ఇంట్లో కూర్చుని నిర్ణయించుకుని తోటివారికి చెప్పి ఉంచాలి, ఎందుకంటే షుగరు పడిపోతున్న మెదడు సరైన నిర్ణయం తీసుకోలేదు, పైగా ‘నాకేం కాలేదు, పదండి’ అని వాదిస్తుంది కూడా.

మూడు టీస్పూన్ల గ్లూకోజు పొడి సుమారుగా 15 గ్రాములవుతుంది. దాన్ని చిన్న చిన్న పొట్లాలుగా కట్టి, జిప్ ఉన్న ప్లాస్టిక్ కవరులో పెట్టి, ప్యాంటు జేబులో ఒకటి, సంచిలో కొన్ని, తోడు వచ్చినవారి దగ్గర కొన్ని ఉంచాలి. చిన్న మామిడి రసం ప్యాకెట్టు కూడా బాగానే పని చేస్తుంది, పైన అచ్చువేసిన చక్కెర గ్రాములు చూసుకుంటే చాలు. చాక్లెట్‌లోని కొవ్వు చక్కెరను ఆలస్యం చేస్తుంది. మైసూరుపాకు, సున్నుండ కూడా అంతే, నెయ్యి తక్కువేమీ కాదు. కొబ్బరి బొండం ఎండలో హాయిగా ఉంటుంది కానీ దానిలో చక్కెర తక్కువ, ఒక్క బొండాన్ని నమ్ముకుని కూర్చోకూడదు. డైట్ కోలాలో అసలు చక్కెరే ఉండదు; తొందరలో దుకాణంవాడు ఇచ్చింది తాగేసేవారు సీసా మీద ఏముందో చూడాలి. అంకె పైకొచ్చాక తర్వాతి భోజనానికి గంటకు పైగా సమయం ఉంటే పల్లీ చిక్కీ, అరటిపండు లాంటివి తిని నిలబెట్టుకోవాలి.

వేలు గుచ్చే ముందు చేయి కడుక్కోవడాన్ని దారిలో ఎవరూ పట్టించుకోరు. కమలాపండు తొక్క తీసిన వేలికి అంటిన రసం చాలు, 80 ఉన్న షుగరు 200 అని చూపించడానికి. నీళ్లు లేకపోతే మొదటి చుక్కను తుడిచేసి రెండో చుక్కతో చూడాలి. ఒంటికి అంటించుకుని షుగరు చూసుకునే సెన్సరు వాడేవారు ఇంకో విషయం గుర్తుంచుకోవాలి: అది రక్తాన్ని కాక చర్మం కింది ద్రవాన్ని కొలుస్తుంది కాబట్టి అంకె కొన్ని నిమిషాలు వెనకబడి ఉంటుంది, షుగరు వేగంగా దిగుతున్నప్పుడు ఆ తేడా బాగా కనిపిస్తుంది. లక్షణాలు ఒకటి చెప్పి సెన్సరు మరొకటి చెబితే వేలు గుచ్చి చూడాలి. రాత్రి సెన్సరు ఉన్న చేయి మీద ఒరిగి పడుకుంటే ఆ ఒత్తిడికే అంకె తప్పుగా తక్కువ చూపించి అలారం మోగించడం కూడా ఉంటుంది.

తోడు వచ్చేవారిలో కనీసం ఒక్కరికైనా మూడు విషయాలు నేర్పాలి. చక్కెర ఎక్కడుందో తెలియాలి. మాట తడబడుతున్నా మింగగలిగే స్థితిలో ఉన్నప్పుడు దాన్ని తినిపించాలి. స్పృహ పోతే నోట్లో ఏమీ పోయకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టి, గ్లూకగాన్ (షుగరును త్వరగా పెంచే అత్యవసర మందు) ఉంటే ఇచ్చి, 108కి ఫోన్ చేయాలి. గ్లూకగాన్ ప్రతి మందుల దుకాణంలోనూ దొరికేది కాదు, పెద్ద ప్రయాణాలకు ముందు డాక్టరును అడిగి తెప్పించుకోవాలి. షుగరు పడిపోయిన మనిషి తూలుతూ, పొంతన లేకుండా మాట్లాడుతుంటే చూసేవారు తాగాడనుకుంటారు. మెడలోనో చేతికో ‘టైప్ వన్ మధుమేహం, ఇన్సులిన్ వాడుతున్నాను’ అని తెలుగు, కన్నడ, ఇంగ్లీషుల్లో రాసిన చీటీ వేలాడేసుకోవడంలో నామోషీ ఏమీ లేదు. నిజంగా మద్యం తీసుకునేవారికి ప్రమాదం రెట్టింపు, ఎందుకంటే దాన్ని విరగ్గొట్టే పనిలో పడిన కాలేయం చక్కెర విడుదల చేయడం ఆపేస్తుంది. నడిచిన రోజు రాత్రి అసలు ముట్టుకోకపోవడమే మంచిది.

ఇన్సులిన్‌ను కాపాడుకోవడం

తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. వాడుతున్న సీసాను, పెన్నును (పెన్ను ఆకారంలో ఉండే ఇన్సులిన్ పరికరాన్ని) 30 డిగ్రీలు దాటని చోట బయటే పెట్టుకోవచ్చు, చాలా రకాలు నాలుగు వారాల దాకా నిలుస్తాయి. మీ రకం ఎన్నాళ్లు నిలుస్తుందో పెట్టెలోని కాగితం మీద ఉంటుంది. బెంగళూరు వాతావరణం మనల్ని ఈ విషయంలో బద్ధకస్తులను చేసింది. ఇక్కడ టేబుల్ మీద పెట్టిన పెన్నుకు చాలామటుకు ఏమీ కాదు, అదే పెన్ను మే నెలలో కడప బస్‌స్టాండులో బ్యాగు పై జేబులో ఉంటే గంటల్లో పాడవడం మొదలవుతుంది. స్కూటరు డిక్కీ, ఎండలో నిలిపిన కారు డాష్‌బోర్డు, బైకు ట్యాంకు మీది సంచి, ఈ మూడూ ఇన్సులిన్‌కు తగని చోట్లు.

నీటిలో నానబెట్టి వాడే చల్లదనపు సంచులు ఇప్పుడు దొరుకుతున్నాయి. లోపలి గుళికలు నీటిని పీల్చి ఉబ్బుతాయి, ఆ నీరు ఆవిరవుతూ లోపలి వేడిని తీసుకుపోతుంది. మన మట్టికుండలో జరిగేది ఇదే. అనంతపురం, గండికోట వంటి పొడి ఎండల్లో ఇవి చక్కగా పని చేస్తాయి, చెన్నై, నెల్లూరు తీరపు ఉక్కలో నీరు సరిగా ఆవిరవదు కాబట్టి అంత నమ్మకం పెట్టుకోకూడదు. అటువైపు వెళ్లేటప్పుడు వెడల్పు మూతి థర్మాస్ ఫ్లాస్కులో ఐస్ ప్యాక్ వేసి, దానికి తగలకుండా తువ్వాలు చుట్టి ఇన్సులిన్ పెట్టడం మేలు. తగలకుండా అన్న మాటను తేలిగ్గా తీసుకోవద్దు: వేడి ఇన్సులిన్‌ను మెల్లగా పాడు చేస్తుంది, గడ్డకట్టడం ఒక్కసారికే చంపేస్తుంది, కరిగిన తర్వాత మామూలుగా కనిపించినా అది పనికిరాదు. హోటల్ గదిలోని చిన్న ఫ్రిజ్‌లలో ఫ్రీజర్ గోడకు ఆనించి పెట్టినా ఇదే జరుగుతుంది. కొన్ని హోటళ్లలో తలుపు కార్డు తీయగానే గదికి కరెంటు ఆగిపోయి ఫ్రిజ్ కూడా ఆగుతుంది. దిగగానే రిసెప్షన్‌లో అడిగి తెలుసుకోండి.

తేటగా ఉండవలసిన ఇన్సులిన్ మసకబారినా, రేణువులు కనిపించినా పారేయాలి. పాడైనా తేటగానే కనిపించవచ్చు కూడా. తిండిలో, మోతాదులో తేడా లేకుండా రెండు పూటలు వరుసగా షుగరు దిగకపోతే కారణాల కోసం తల బద్దలు కొట్టుకోకుండా కొత్త సీసా తెరవాలి. అందుకే అవసరమైనదానికి రెట్టింపు తీసుకెళ్లి, సగం మీ దగ్గర, సగం తోడు వచ్చినవారి సంచిలో ఉంచాలి. సూదులు, స్ట్రిప్పులు, మీటరు బ్యాటరీ, కీటోన్ స్ట్రిప్పులు కూడా అలాగే రెండు చోట్ల సర్దాలి. ఇన్సులిన్‌ను గొట్టం ద్వారా ఆగకుండా ఎక్కించే పంపు వాడేవారు తప్పనిసరిగా పెన్నులు, బేసల్ ఇన్సులిన్ కూడా వెంట తీసుకెళ్లాలి. పంపులో ఉండేది త్వరిత ఇన్సులిన్ మాత్రమే, అది ఆగితే కొన్ని గంటల్లోనే కీటోన్లు పెరగడం మొదలవుతుంది.

నలభై, వంద

మన దేశంలో సీసాల్లో అమ్మే ఇన్సులిన్‌లో చాలా భాగం మిల్లీలీటరుకు 40 యూనిట్లది, దానికి ఎర్ర మూత సిరంజి. పెన్నుల్లో, కార్ట్రిడ్జుల్లో ఉండేది 100 యూనిట్లది. 100 యూనిట్ల సీసాకు నారింజ రంగు మూత సిరంజి వాడతారు. అమెరికా వంటి దేశాల్లో సీసాలు కూడా సాధారణంగా 100 యూనిట్లవే. అక్కడ కొన్న 100 యూనిట్ల ఇన్సులిన్‌ను ఇక్కడి నుంచి తీసుకెళ్లిన ఎర్ర మూత సిరంజితో 20 గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్లేది 20 కాదు, 50 యూనిట్లు. తారుమారైతే, అంటే 40 ఇన్సులిన్‌ను 100 సిరంజితో 20 దాకా లాగితే, వెళ్లేది 8 యూనిట్లే. మొదటిది ప్రాణం మీదికి తెస్తుంది. విదేశాలకు వెళ్లేవారు ఆ కొన్నాళ్లకైనా పెన్నుకు మారడం గురించి డాక్టరును అడగాలి.

బస్సు, రైలు, సొంత బండి

రాత్రి బస్సుల్లో భోజనానికి ఎప్పుడు ఆపుతారో డ్రైవరుకే తెలియాలి. అందుచేత విస్తరి ముందుకొచ్చాకే భోజనపు ఇన్సులిన్ వేసుకోవాలి. బస్సు ఆగబోతోందన్న నమ్మకంతో ముందే వేసుకోకూడదు. ఇంటి నుంచి పులిహోరో చపాతీలో కట్టుకెళ్లడం మనకు అలవాటే కాబట్టి దాబాను నమ్ముకోవలసిన పని ఉండదు. రైల్లో మందుల సంచి బెర్తు కింది సూట్‌కేసులో కాక తల పక్కన ఉండాలి.

సొంతంగా కారు, బైకు నడిపేవారు షుగరు 90 లేకుండా తాళం తిప్పకూడదు; ప్రతి రెండు గంటలకూ ఆగి చూసుకోవాలి. దారిలో పడిపోతే బండి పక్కకు ఆపి, చక్కెర తిని, అంకె 90 దాటిన తర్వాత కూడా 45 నిమిషాలు ఆగాలి, ఎందుకంటే అంకె సర్దుకున్నా మెదడు పూర్తిగా తేరుకోవడానికి అంత సమయం పడుతుంది. బ్రిటన్‌లో డ్రైవర్లకు ఇచ్చే సలహా ఇదే. హెబ్బాళ ఫ్లైఓవర్ మీద ఇరుక్కున్నప్పుడు ఆపడానికి చోటు కూడా దొరకదు కాబట్టి, చక్కెర పొట్లం చేతికందే చోట ఉండాలి.

విమానం

ఇన్సులిన్ ఎప్పుడూ చేతి సంచిలోనే ఉండాలి, ఎందుకంటే కింద లగేజీ గదిలో గడ్డకట్టే ప్రమాదం ఉంది, లగేజీ తప్పిపోయే ప్రమాదం దానికన్నా ఎక్కువ. మందుల పేర్లు, సూదుల అవసరం రాసిన డాక్టరు ఉత్తరం, మందుల దుకాణం లేబుల్ ఉన్న పెట్టెలు వెంట ఉంటే కెంపేగౌడ విమానాశ్రయంలో గానీ బయట దేశంలో గానీ తనిఖీ సాఫీగా సాగుతుంది. 100 మిల్లీలీటర్ల ద్రవాల నియమం నుంచి వైద్యపరమైన ద్రవాలకు మినహాయింపు ఉంటుంది, అడగకముందే బయటకు తీసి చూపించడం ఉత్తమం. కొన్ని పంపులను, సెన్సర్లను సామాన్ల ఎక్స్-రే యంత్రంలోనూ మనిషిని నిలబెట్టే స్కానరులోనూ పెట్టవద్దని వాటి తయారీదారులే చెబుతారు. అలాంటివి ఉంటే చేతితో తనిఖీ చేయమని అడగాలి. విమానం పైకి లేస్తున్నప్పుడు క్యాబిన్ ఒత్తిడి తగ్గి పంపు గొట్టంలోని గాలి బుడగలు ఉబ్బి కొద్దిగా ఇన్సులిన్‌ను అదనంగా నెట్టవచ్చు. బుడగలున్నాయేమో చూసి తీసేయడం అలవాటు చేసుకోండి. మధుమేహ భోజనమని ప్రత్యేకంగా ఆర్డరు చేయనవసరం లేదు. దానిలో పిండిపదార్థం మరీ తక్కువగా ఉండి మీ మోతాదుకు సరిపోకపోవచ్చు, మామూలు భోజనాన్నే లెక్క వేసుకోవడం సులువు.

సమయం తేడా విషయంలో ఒక సూత్రం ఉంది: పడమరకు ఎగిరితే రోజు పొడవవుతుంది, తూర్పుకు ఎగిరితే కురచవుతుంది. లండన్ మనకన్నా చలికాలంలో ఐదున్నర గంటలు, ఎండాకాలంలో నాలుగున్నర గంటలు వెనక ఉంటుంది. అమెరికా పశ్చిమ తీరం పదమూడున్నర, పన్నెండున్నర గంటలు వెనక ఉంటుంది. తూర్పుకు ఎగిరేటప్పుడు రెండు బేసల్ మోతాదులు దగ్గరపడి ఒకదాని మీద ఒకటి పనిచేస్తే షుగరు పడిపోతుంది కాబట్టి ఆ రోజు మోతాదు తగ్గించవలసి రావచ్చు. టికెట్ చూపించి, ఏ గంటకు ఎన్ని యూనిట్లో డాక్టరు చేత కాగితం మీద రాయించుకోవడం కన్నా మంచి ఉపాయం లేదు. గమ్యం చేరేదాకా చేతి గడియారాన్ని బెంగళూరు సమయంలోనే ఉంచుకుంటే లెక్క తప్పదు. ఇంకొకటి: బ్రిటన్ వంటి దేశాల్లో మీటరు షుగరును మిల్లీమోల్స్ అనే వేరే కొలతలో చూపిస్తుంది, ఆ అంకెను 18తో గుణిస్తే మన అంకె వస్తుంది. అక్కడ మీటరు మీద 5 కనిపిస్తే అది మనకు 90.

చలి, ఎత్తు, సముద్రం

హిమాలయాల్లో శత్రువు వేడి కాదు, చలి. ఇన్సులిన్, మీటరు, సెన్సరు రీడరు పగలు లోపలి చొక్కా జేబులో, రాత్రి నిద్ర సంచి లోపల ఉండాలి. ఎత్తులో గాలి పలచబడే కొద్దీ కొన్ని రకాల స్ట్రిప్పులు తప్పు అంకెలు చూపిస్తాయి, గడ్డకట్టే చలిలో మీటరు అసలు తెరుచుకోకపోవచ్చు. తలనొప్పి, వికారం, అలసట ఎత్తు వల్లా వస్తాయి, షుగరు వల్లా వస్తాయి, కీటోన్ల వల్లా వస్తాయి. అందుకే అక్కడ ఊహించడం మానేసి కొలవాలి. ఎత్తు జబ్బుకు వేసుకునే డయామాక్స్ మాత్ర రక్తాన్ని ఆమ్లం వైపు నెడుతుంది కాబట్టి మన డాక్టరును అడగకుండా తోటి ట్రెక్కరు ఇచ్చాడని మింగకూడదు.

వాంతులు మొదలైతే మాత్రం ఇన్ని లెక్కలు పక్కన పెట్టి ఒక నియమం పాటించాలి: ఏమీ తినకపోయినా బేసల్ ఇన్సులిన్ ఆపకూడదు. తినలేదు కదా, ఇన్సులిన్ ఎందుకని మానేయడం వల్ల చాలామంది కీటోఅసిడోసిస్‌తో, అంటే కీటోన్లు పేరుకుని రక్తం ఆమ్లమయ్యే ప్రమాద స్థితితో, ఆసుపత్రి చేరుతారు. రెండు మూడు గంటలకోసారి షుగరు, కీటోన్లు చూస్తూ గుక్కెడు గుక్కెడుగా ద్రవాలు తాగాలి. రక్తంలో కీటోన్లు (లీటరుకు మిల్లీమోల్స్‌లో) 0.6 లోపు ఉంటే ఫర్వాలేదు, 1.5 దాటితే డాక్టరుకు ఫోన్ చేసి కిందికి దిగడం మొదలుపెట్టాలి, 3 దాటినా, వాంతులు ఆగకపోయినా, ఊపిరి బరువెక్కినా ఏ శిఖరమూ ముఖ్యం కాదు, నేరుగా ఆసుపత్రికి చేరాలి.

సముద్రం సరదా ఉన్నవారికి మురుడేశ్వర్ ఒడ్డు నుంచి పడవలో వెళ్లే నేత్రాణి దీవి దగ్గర డైవింగ్ ఉంది. నీటి అడుగున షుగరు పడిపోతే చక్కెర తినడం సులభం కాదు కాబట్టి నియమాలు కఠినంగా ఉంటాయి: గత ఏడాదిలో ఇతరుల సహాయం కావలసినంత తీవ్రమైన లో షుగర్ వచ్చి ఉండకూడదు, గంట ముందు, అరగంట ముందు, దిగబోయే ముందు చూసిన అంకెలు నిలకడగానో పెరుగుతూనో ఉండి, 150కి తగ్గకూడదు, 30 మీటర్ల లోతు, గంట సమయం దాటకూడదు. డైవింగ్ సంస్థకు జబ్బు సంగతి దాచిపెట్టి ఫారం నింపేవారున్నారు. అది తనతో పాటు దిగే జోడీ ప్రాణాన్ని కూడా పణంగా పెట్టడమే.

తిరిగి వచ్చాక

ఎండలో తిరిగి వచ్చిన ఇన్సులిన్ మిగిలితే దాని మీద తేదీ వేసి, ముందుగా దాన్నే వాడాలి. వేడి తగిలిందన్న అనుమానం ఉంటే పారేయాలి. మొహమాటపడి మళ్లీ ఫ్రిజ్‌లో కొత్తవాటితో కలపకూడదు. సూదులను గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి మూత బిగించాలి, చెత్త ఏరేవారి చేతికి గుచ్చుకోకూడదు. ఖర్చయిన గ్లూకోజు పొట్లాలు, స్ట్రిప్పులు మరుసటి వారానికి వాయిదా వేయకుండా ఆ రోజే నింపి సంచిని తలుపు దగ్గర కొక్కేనికి తగిలించండి. రాసుకున్న అంకెల కాగితాన్ని తర్వాతి అపాయింట్‌మెంటుకు తీసుకెళ్లి, అర్ధరాత్రి అంకె దగ్గర వేలు పెట్టి, వచ్చేసారి బేసల్ ఎన్ని యూనిట్లు తగ్గించాలో డాక్టరును అడగండి.